తూకం ఎవరు చూడాలి?

మహాభారతం శాంతిపర్వంలో జాజలి అనే తపస్వి ఉన్నాడు. కదలకుండా నిలబడి తపస్సు చేస్తుంటే అతని జడల్లో పిట్టలు గూడు కట్టి, గుడ్లు పెట్టి పొదిగాయి. ధర్మంలో తనకు సాటి లేరనుకున్నాడు. కాశీలోని తులాధారుడి ముందు నువ్వు చాలవని ఓ వాక్కు వినిపిస్తే, వెతుక్కుంటూ వెళ్లాడు. తీరా చూస్తే తులాధారుడు కొట్టు నడుపుకునే వర్తకుడు! ఒకరి దగ్గర కొన్నది మరొకరికి మోసం లేకుండా అమ్ముతానని, మద్యం మాత్రం అమ్మనని, తన త్రాసు అందరికీ ఒక్కలాగే తూగుతుందని అతను చెప్పాడు.

జాజలి స్వయంగా వెళ్లి చూడగలిగాడు. ఆమ్‌స్టర్‌డామ్‌లో కాఫీ తాగే మనిషికి, మెక్సికో కొండల్లో ఆ గింజల్ని తూచిన కాటా కనపడదు. ధర్మబద్ధమైన వ్యాపారమని ధ్రువీకరించే ఫెయిర్‌ట్రేడ్ ముద్ర పుట్టింది ఈ దూరంలోంచే.

దానికి మూలం మెక్సికోలోని ఓహాకా రాష్ట్రం. ఫ్రాన్స్ వాన్ డెర్ హోఫ్ అనే డచ్ క్రైస్తవ ఫాదరీ అక్కడి ఆదివాసీ కాఫీ రైతులతో కలిసి బతికాడు. దళారుల చేతిలో నలిగిపోయిన ఆ రైతులు 1980ల తొలినాళ్లలో ఉసిరి అనే సహకార సంఘం పెట్టుకున్నారు. విరాళాలు కాదు, కాఫీకి న్యాయమైన ధర కావాలన్నది వాళ్ల పట్టు. ఫాదరీ, నెదర్లాండ్స్‌కు చెందిన సాలిడరిడాడ్ సంస్థలోని నికో రూజెన్ కలిసి 1988లో 'మాక్స్ హావెలార్' ముద్రతో ఆ కాఫీని అంగళ్లలో పెట్టించారు. ఆ మరుసటి ఏడాదే అంతర్జాతీయ కాఫీ ఒప్పందంలోని కోటాలు రద్దయి ధరలు కుప్పకూలాయి. 2001లో న్యూయార్క్ మార్కెట్లో పౌను అరబికా 50 సెంట్ల కిందికి పడిపోయినప్పుడు, ఫెయిర్‌ట్రేడ్ కొనుగోలుదారులు అదనపు సొమ్ముతో కలిపి 1.26 డాలర్లు ఇవ్వాల్సి వచ్చింది. ఆ తేడా ఎన్ని కుటుంబాలను చేలు వదిలి వలసపోకుండా నిలబెట్టిందో ఊహించుకోవచ్చు.

2023 ఆగస్టు నుంచి కడిగిన అరబికాకు ఫెయిర్‌ట్రేడ్ కనీస ధర పౌనుకు 1.80 డాలర్లు. మార్కెట్ ధర అంతకన్నా ఎక్కువైతే మార్కెట్ ధరే ఇవ్వాలి. దానిపైన పౌనుకు 20 సెంట్లు సంఘానికి చేరతాయి. బడి గది కట్టాలా, ఎండబెట్టే కళ్లం వేయాలా అన్నది సర్వసభ్య సమావేశంలో సభ్యులే తేల్చుకుంటారు. తనిఖీదారు వచ్చినప్పుడు ఆ మినిట్స్ పుస్తకం, సభ్యుల జాబితా, చెల్లింపు రసీదులు తిరగేస్తాడు. ఎగుమతిదారూ దిగుమతిదారూ కూడా తమ లెక్కలు చూపించాల్సిందే.

ఈ కాగితాల బరువు ఆదిలాబాద్ ప్రాంతంలో తెలుస్తుంది. అక్కడ చేతన ఆర్గానిక్ సంఘాల్లోని పత్తి రైతులు సేంద్రియ, ఫెయిర్‌ట్రేడ్ విధానాల్లో పండిస్తున్నారు. విత్తనం ఎక్కడిది, బీటీది కాదు కదా, ఏ రోజు ఏ కషాయం కొట్టారు, పక్క చేలో చల్లిన మందు గట్టు దాటి రాకుండా ఎంత నేల వదిలారు: ఇవన్నీ రాసి ఉండాలి. ఏ మందు పడితే ఆ మందు కొట్టే పక్క చేను రైతును ఎవరూ ఏమీ అడగరు. తప్పు చేయనివాడే, చేయలేదని రుజువు చేసుకోవాలి. పైగా ఆ రుజువుకయ్యే రుసుము సంఘమే కట్టుకోవాలి. ఇంతా చేసి, పండినదంతా ఆ ముద్రతో అమ్ముడుపోతుందన్న హామీ లేదు. మిగిలింది మామూలు ధరకే పోతుంది.

చాక్లెట్ దగ్గర ఇంకో చిక్కు. కోకో, చక్కెర, తేయాకు వంటివాటిని ఫ్యాక్టరీలో మామూలు సరుకుతో కలిపేయడానికి నిబంధనలే ఒప్పుకుంటాయి. ఎంత సరుకు న్యాయమైన ధరకు కొన్నారో అంత మేరకే ముద్ర వేసి అమ్మాలి, అంతే. అంటే ముద్ర ఉన్న చాక్లెట్‌లో ఆ రైతు కోకో లేకపోవచ్చు. ఇది మోసమా? కాదనే చెప్పాలి. రైతుకు చేరాల్సిన డబ్బు చేరింది. పుణ్యం గింజకు అంటుకుని ఉంటుందనుకునేవారికి వెలితిగా తోచవచ్చు గానీ, న్యాయం గింజకు జరగాల్సింది కాదు, దాన్ని పండించినవాడికి.

అసలైన మోసం వేరే ఉంది. 2012 సెప్టెంబర్‌లో కరాచీలోని అలీ ఎంటర్‌ప్రైజెస్ దుస్తుల ఫ్యాక్టరీ తగలబడి 250 మందికి పైగా చనిపోయారు. బయటపడే దారులు మూసేసి ఉన్నాయి, కిటికీలకు ఊచలు. అంతకు కొద్ది వారాల ముందే ఆ ఫ్యాక్టరీకి పని పరిస్థితులు సవ్యంగా ఉన్నాయని చెప్పే ఎస్ఏ 8000 అనే ధ్రువపత్రం వచ్చింది. సహకార సంఘాల్లోనూ తనిఖీ కంటికి ఆనని మూలలున్నాయి. ఇథియోపియా, ఉగాండాల్లో లండన్ సోయాస్ పరిశోధకులు చేసిన అధ్యయనం 2014లో వెలువడింది. ఫెయిర్‌ట్రేడ్ సంఘాలున్న చోట కూలీల పరిస్థితి మిగతా చోట్లకన్నా మెరుగ్గా లేదని వాళ్లు తేల్చారు. రైతుకు న్యాయం జరిగితే ఆ రైతు దగ్గర పనిచేసే కూలీకీ జరిగినట్టే అనుకోవడం తొందరపాటు.

ఇన్ని లోపాలున్నా ముద్రే వద్దనడం అన్యాయం. అది లేని చోట అడిగేవాడే లేడు. కానీ అడగాల్సింది ఒక్క పండించేవాణ్నేనా? తక్కువ ధరకు బేరమాడి, గడువు కుదించి, డబ్బు ఆలస్యంగా చెల్లించే పెద్ద కొనుగోలుదారు తన ధర్మాన్ని ఎవరి ముందు రుజువు చేసుకుంటున్నాడు? ఫ్రాన్స్ 2017లో, జర్మనీ 2023లో తమ పెద్ద కంపెనీలను సరఫరాదారుల దగ్గర జరిగేదానికి జవాబుదారీ చేస్తూ చట్టాలు అమలులోకి తెచ్చాయి. 2024లో యూరోపియన్ యూనియన్ ఆమోదించిన ఆదేశం, కంపెనీలు తమ కొనుగోలు పద్ధతులను కూడా సరిచేసుకోవాలంటుంది. రాత పని భారమవుతుందని కంపెనీలు గోలపెట్టాయి. 2025 ఏప్రిల్‌లో దాని అమలును ఏడాది వాయిదా వేశారు. ఆదిలాబాద్ పత్తి రైతుకు ఆ రాతపనిలో ఏ సీజన్‌లోనూ వాయిదా దొరకలేదు.