పేర్చిన పటము, చూచిన కన్ను

సూర్యచంద్రుల చుట్టు నేర్పడు కాంతివలయమును మన యిండ్లలో వరదగుడి యందురు. గ్రంథములలో దానికే పరివేషమని పేరు. మిక్కిలి యెత్తున నుండు పలుచని మబ్బులలో ఆఱుపలకల మంచుస్ఫటికములు వెలుగును వంచుటచే, సూర్యునకు 22 డిగ్రీల యెడమున నిది కానవచ్చును.

మొన్న మా యింట నిట్టి గుడిని గూర్చియే యొక వివాదము పుట్టినది. పిల్లవాడొకడు కెమెరాను కదలని పీఠముపై నుంచి, పది నిమిషములలో నూఱు పటములు తీసి, సూర్యబింబము సరిపడునట్లు వానినెల్ల నొకదానిపై నొకటి పేర్చి సగటు గట్టి, రంగుల తారతమ్యమును పెంచి మాకు జూపెను. అందు ఇంద్రధనుస్సువంటి వలయమును, దాని నెత్తిపై నొక సన్నని వంపును గలవు. "ఆ వేళ నేనును పెరటిలోనే యుంటిని, ఇంత వింత నాకు గానరాలేదే!" యని వాని నాయనమ్మ యనెను. "లేనిదానిని నేను చేర్చలేదు, నాయనమ్మా" యని వాడు బదులు చెప్పెను.

ఇరువురిలో నెవ్వరిది సత్యము?

పిల్లవాని పక్షమున జెప్పదగినది చాల గలదు. నూఱు పటములను సగటు చేసినచో కెమెరా తానై పుట్టించు చిల్లర పొక్కులు పదవవంతున కడగును. సాగిపోవు మబ్బుచారలు చెదరును. ఉన్నచోటనే యుండు వలయము మిగులును. ఇది సృష్టి గాదు, వడపోత. కంటిసాక్ష్యమే పరమమందుమా? 1790 జూన్ 18న సెయింట్ పీటర్సుబర్గులో టోబియాస్ లోవిట్జను రసాయనశాస్త్రజ్ఞుడు పెక్కు పరివేషములను కన్నులార జూచి చిత్రించెను. అందలి కొన్ని వంపులను పలువురు చాలకాలము నమ్మనే లేదు. 2011లో జర్మనీయందు నాలుగవ తరగతి యింద్రధనుస్సు తొలిసారి పటమున కెక్కినది. గణితము ముందే చెప్పిన చోటనే, పటములను పేర్చి హెచ్చించిన పిదప నది స్ఫుటముగ దోచెను.

అయినను ఆ యంత్రమునకు వివేకము లేదు. కటకము లోపల ప్రతిఫలించిన వెలుగును, పటమును కుదించి దాచుటవలన గలుగు మెట్లచారలను అదే నిష్ఠతో పెంచును. చూడగోరువాడు గోరినదానినే చూచును. మఱియు సూర్యుడు 4 నిమిషములకు ఒక డిగ్రీ జరుగును గదా. పది నిమిషముల మింటిని ఒక్క పటమున గూర్చినచో, అట్టి యాకాశ మే క్షణమునను లేదు. "ఇది నేను చూచినది" యనుట యసత్యమే. "ఇన్ని పటములు, ఇంతసేపు, ఇట్లు పేర్చితిని" యనుట సత్యము. తప్పొప్పులను మేము ఈ మాటలలో వెదకుచున్నాము, పటములో గాదు. (పెండ్లిచూపులకు పంపు ఛాయాపటములకు వన్నె దిద్దించువారు సైత మీ ప్రశ్నను తమకై తాము వేసికొనవచ్చును.)

పిల్లవాడు తుదకు తొలిపటమును, పేర్చిన పటమును ప్రక్కప్రక్కన గోడకు దగిలించి, క్రింద లెక్క వ్రాసిపెట్టెను. నాయనమ్మ మొదటిదాని యెదుట నిలిచి "ఇది నా గుడి" యనెను. పిదప రెండవదానిని జేరి కండ్లద్దములు సవరించుకొనెను.