ఉత్తరం ఖర్చు ఎవరు భరించాలి?



జోడ్‌భావి పేట్‌లో మగ్గాలమీద బ్రతికిన మన పెద్దలలో చాలామంది నిజాం ఏలుబడిలోని తెలంగాణ పల్లెలనుండి షోలాపూరు వచ్చినవారే. పెండ్లి కబురైనా, చావు కబురైనా, అప్పు సంగతైనా వారిని ఊరితో కలిపి ఉంచినది ఒక కార్డు ముక్క. అది అంత చవకగా ఎట్లు దొరికినదో మనము ఆలోచించుట మంచిది.

పూర్వము దూరమునుబట్టి తపాలా రుసుము ఉండెడిది. 1837 చట్టము ప్రకారము కలకత్తానుండి బొంబాయికి తులము బరువుగల ఉత్తరమునకు ఒక రూపాయి. అనేకసార్లు ఆ సొమ్మును అందుకొనేవారే చెల్లించేవారు. బీదవాని గుమ్మములోనికి ఉత్తరము అప్పులవానివలె వచ్చేది. ఇంగ్లండులో కొందరు కవరుపైన గురుతు పెట్టించుకొని, అది చూచి క్షేమము తెలిసికొని, ఉత్తరమును తిప్పి పంపేవారట. అది మోసమే. కాని ఆ మోసమునకు వారిని నెట్టినది రుసుమే గదా!

1837లో రోలండ్ హిల్ ఒక చిన్న పుస్తకము వ్రాసి, ఉత్తరమును మోసికొనిపోవు ఖర్చు బహు స్వల్పమనీ, లెక్కలు వ్రాయుటకు, ఇంటింట వసూలు చేయుటకే ఎక్కువ ఖర్చగుచున్నదనీ చూపెను. 1840 జనవరి 10నుండి అక్కడ అర ఔన్సు ఉత్తరము, ముందుగా చెల్లించినచో, దేశములో ఎక్కడికైనా ఒక్క పెన్నీకే పోయినది. ఒక్క సంవత్సరములో ఉత్తరాలు రెండింతలు దాటినవి. తపాలా లాభము మాత్రము పడిపోయి, తిరిగి రావడానికి ఎన్నో ఏండ్లు పట్టినది.

మన దేశములో 1854 అక్టోబరు 1నుండి పావు తులము ఉత్తరమునకు దూరముతో పని లేకుండ అర్ధణా బిళ్ళ చాలినది. బిళ్ళ లేని బేరింగు ఉత్తరమునకు రెండింతలు. 1879లో పావు అణా కార్డు, 1880లో తపాలా మనియార్డరు వచ్చినవి. నిజాం రాజ్యపు తపాలా మాత్రము వేరుగా నడిచి 1950లో భారత తపాలాలో కలిసినది.

ప్రక్క ఊరికి వ్రాసేవాడు, వేయి మైళ్ళకు వ్రాసేవానితో సమానముగా ఇచ్చుట న్యాయమా? ఇంత పెద్ద దేశములో దూరమునకు ఖర్చు లేకపోలేదు. దగ్గరివాడు దూరపువాని భారము కొంత మోయుచున్న మాట నిజమే. అయినను ఇది న్యాయమేనని మా అభిప్రాయము. కూటికొరకు దూరము పోవుట నేరము కాదు. నేడు ఊరిలో ఉన్నవాడే రేపు వలస పోవచ్చును. మన కుటుంబాలే దీనికి సాక్ష్యము.

ముందుగా చెల్లించుటలో ఇంకొక నీతి గలదు. పలకరింపు భారము పలకరించేవానిదే గాని, దానికొరకు ఎదురుచూచేవారిది కాదు. నేడు ఫోనులో దూరము లెక్కకు రాదు. అయినను ఊరిలోని ముసలి తల్లియే ముందు ఫోను చేయవలెనని మనలో కొందరము కూర్చుండుట లేదా? అది ఆమెకు బేరింగు ఉత్తరము పంపినట్లే. బిళ్ళ మనమే అంటింతము.