కొమ్మ నరుకుట హింసయా?

బసవేశ్వరుడు చూపిన మార్గమునకు దయ పునాది. ఈ మాటను కాదను వీరశైవ గృహము లేదు. అయితే ఆ దయ ఎవరి యెడల, ఎంతవరకు, ఏ రీతిగా అని అడిగినప్పుడే చిక్కు మొదలగును. ఇద్దరి మేలు ఒకచోట ఢీకొనినప్పుడు దయాళువు ఏ పక్షమున నిలువవలెను? దీనికి పురాణ దృష్టాంతములను వెదకనక్కరలేదు. విద్యుత్తు తీగల చెంత పెరిగిన చెట్ల కొమ్మలను కొట్టించు విషయమున ఏటేట ప్రతి గ్రామమునను ఈ ప్రశ్నయే ఎదురగుచున్నది.

వేసవి ముదిరి తొలకరి దగ్గరపడునప్పుడు విద్యుత్ సిబ్బంది నిచ్చెనలతో, కత్తులతో వీధిలోనికి వచ్చెదరు. మఠపు ఆవరణలోనో భక్తుని పెరటిలోనో ఒక మారేడు చెట్టు 11 వేల వోల్టుల తీగను అందుకొనబోవుచుండును. "ఇది శివునకు పత్రి నిచ్చు చెట్టు, మా తాతగారు నాటినది, దీనిపై కత్తి పడరాదయ్యా" అని ఇంటి పెద్ద అడ్డు నిలుచును. వచ్చినవారును భక్తులే, చేతులు జోడించి వెడలిపోవుదురు. చెట్టు బ్రతికినదని ఇంటిల్లిపాది సంతోషింతురు. ఆ సంతోషమును పరిహసింపరాదు. ఆకునందును కొమ్మయందును ప్రాణమును చూడగల మనస్సు సులభముగా అలవడునది కాదు. కాని హింస అచటితో ఆగిపోయినదా అన్నదే విచారింపవలసినది.

తీగ నిశ్చలమైన వస్తువు కాదు. ఎండకు, తనలో ప్రవహించు విద్యుత్తు వేడికి అది సాగి క్రిందికి వ్రేలాడును; గాలికి ఊగును. ఎండిన కొమ్మకంటె వానకు తడిసిన పచ్చి కొమ్మ విద్యుత్తును సులువుగా నేలకు దింపును. అట్లు దిగినప్పుడు సబ్‌స్టేషనులోని రక్షణ యంత్రము ఆ ఫీడరును నిలిపివేయును. ఫీడరు ఒక ఇంటిది కాదు. దానిపై ఆధారపడిన గ్రామములన్నియు ఒక్కసారిగా చీకటిలో పడును. పిండి మర నిలుచును, పొలములోని మోటారు నిలుచును, ఆరోగ్య కేంద్రములో టీకా మందులను చల్లగా ఉంచు పెట్టె నిలుచును. ఇంతకంటె ప్రమాదకరమైన స్థితి మరియొకటి కలదు. కొమ్మ ద్వారా దిగు ప్రవాహము స్వల్పమైనచో యంత్రము దానిని గుర్తింపక పోవచ్చును. అప్పుడు సరఫరా ఆగదు; చెట్టే విద్యుత్తును మోయుచుండును. దానికి కట్టిన ఆవునకుగాని, దాని మొదట ఆడుకొను బిడ్డకుగాని ఆ సంగతి తెలియదు.

ఒక కొమ్మ వలన ఇంత జరుగునా అను సందేహము కలుగవచ్చును. 2003 ఆగస్టు 14న అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున 345 వేల వోల్టుల తీగలు మూడు, గంట తిరుగక ముందే, క్రింద పెరిగిన చెట్లను తాకి ఆగిపోయినవి. హెచ్చరిక వ్యవస్థ పనిచేయకుండుట వంటి లోపములును తోడై, ఆ సాయంకాలమునకు అమెరికా, కెనడాలలో దాదాపు 5 కోట్ల మంది చీకటిలో ఉండిరి. అదే సంవత్సరము సెప్టెంబరు 28న స్విట్జర్లాండు కొండలలో ఒక పెద్ద లైను చెట్టు కారణముగా తెగిపోగా, సార్డీనియా ద్వీపము మినహా ఇటలీ అంతయు చీకటి అయినది. అవి సంపన్న దేశములు. యంత్రములకు కొదువ లేనివి. కొరవడినది సకాలమున కొమ్మ కొట్టు మనిషి మాత్రమే.

తిరిగి మన మారేడు చెట్టు వద్దకు వత్తము. వేసవిలో కొట్టనీయని కొమ్మను కొట్టవలసిన రోజు తప్పక వచ్చును. ఆ రోజును చెట్టు యజమాని నిర్ణయింపడు, గాలివాన నిర్ణయించును. అర్ధరాత్రి వానలో కొమ్మ విరిగి తీగపై పడును. ఊరు ఊరంతయు ఫోను చేయును. అప్పుడు ఒక లైన్‌మన్ తడిసిన స్తంభము ఎక్కవలెను. పగటివేళ అయినచో లైను క్లియరు తీసికొని, స్విచ్చి విప్పి, తీగలో విద్యుత్తు లేదని పరీక్షించి, ఇరువైపుల నేలకు కలిపి, నిదానముగా చేయవలసిన పనిని అతడు చీకటిలో, జారుచున్న కాళ్లతో, క్రింద నిలిచినవారి తొందరల నడుమ చేయవలెను. ఏ ఇంటిలోనో సరిగా అమర్చని జనరేటరు నడచుచుండినచో ఆగిన తీగలోనికి ఆవలి ప్రక్క నుండి విద్యుత్తు ఎదురు వచ్చును. ఇట్టి సమయములలో ప్రాణములు పోయిన కార్మికులు ఈ వృత్తిలో లేకపోలేదు.

కావున కొమ్మను కాచితిమను తృప్తిలో ఒక లోపము కలదు. అచట హింస తొలగలేదు, చేతులు మారినది. మేలో చెట్టునకు తగులవలసిన చిన్న గాయము, ఆషాఢమున ఒక మనుష్యుని ప్రాణమునకు గండమైనది. అతనికి భార్యాబిడ్డలు కలరు, అతని మెడలోనూ లింగము ఉండవచ్చును, లేకున్నను అతడు శివుని బిడ్డయే. కంటి ముందున్న ఆకును చూచి కరగి, కంటికి కనబడని కార్మికుని మరచిన దయ సగము దయ మాత్రమే.

కొందరు చమత్కారముగా ఒక వాదము చేయుదురు: చెట్టు కదలదు గనుక స్థావరము, విద్యుత్తు పారును గనుక జంగమము, స్థావరముకంటె జంగమమే మిన్న గదా అని. ఇది మాటల గారడి. శరణుల దృష్టిలో జంగమము చైతన్యముతో నడయాడు శివస్వరూపము. రాగి తీగలోనో అల్యూమినియము తీగలోనో పారు శక్తికి ఆ పేరు తగదు. ఈ సందర్భమున జంగమమును వెదకదలచినచో నిచ్చెన ఎక్కుచున్నవాని యందు వెదకుట న్యాయము.

అట్లని చెట్టుపై కత్తి పట్టిన ప్రతివాడును కాయకము చేయుచున్నాడని చెప్పవీలులేదు. శరణులలో కట్టెలు కొట్టి జీవించిన మహనీయుడు కలడు. మోళిగె మారయ్య కాశ్మీర రాజ్యమును విడిచి కళ్యాణమునకు వచ్చి, అడవిలో కట్టెలు కొట్టి అమ్మి, ఆ సంపాదనతో దాసోహము నడపెనని సంప్రదాయము. నరుకుట యను క్రియయే పాపమైనచో ఆ కాయకమునకు శరణుల నడుమ గౌరవము దక్కెడిది కాదు. ఆయ్దక్కి మారయ్య కథ దీనికి రెండవ పార్శ్వమును చూపును. నేల రాలిన బియ్యపు గింజలను ఏరుట అతని కాయకము. ఒకనాడు అవసరమునకు మించి తెచ్చినందుకు భార్య లక్కమ్మ ఒప్పుకొనక, ఎక్కువైన గింజలను తెచ్చిన చోటనే పోసి రమ్మని పంపినది. రాలిన గింజ విషయముననే అంత లెక్క ఉండగా, జీవమున్న కొమ్మ విషయమున లెక్క లేకుండునా?

ఈ లెక్కనే నేడు చాలచోట్ల విస్మరించుచున్నారు. మరల మరల రావలసిన పని లేకుండునని చెట్టు తల మొత్తమును నరికి పోవుదురు. అది సోమరితనము మాత్రమే కాదు, తెలివితక్కువ పని కూడ. తల నరికిన చెట్టు ఆకలిగొన్నదై గుంపులు గుంపులుగా చిగుళ్లు వేయును. అవి వేగముగా పెరిగి మునుపటికంటె త్వరగా తీగను అందును. వాటి పట్టు బలహీనమగుటచే గాలికి మొదట విరుగునవియు అవియే. తీగ వైపు పోవు కొమ్మను మాత్రమే ఎన్నుకొని, అది మ్రానును కలియు చోట ఉబ్బుగానుండు కంఠమును గాయపరచక, దానికి వెలుపల కోయవలెను. ముందుగా క్రింది వైపున చిన్న గాటు పెట్టనిచో కొమ్మ బరువునకు బెరడు మొదలంట చీలిపోవును. చెట్టు తన గాయమును మన దేహము వలె మాన్చుకొనదు. చెడిన భాగమును లోపలనే బంధించి, చుట్టును క్రొత్త పొరను పెంచి మూసివేయును. సరియైన చోట కోసిన గాయము మూతపడును. మొండెముగా వదలిన కొమ్మ కుళ్లును. పచ్చని భాగములో నాల్గవ వంతునకు మించి ఒక్క విడతలో తీయరాదని వృక్ష నిపుణుల సాధారణ నియమము. కొబ్బరి, తాటి చెట్లకు ఈ ఉపాయము చెల్లదు. వాటికి ఒకటే మొవ్వు. అది పోయినచో చెట్టే పోవును. తీగ క్రింద కొబ్బరి మొక్క నాటినవాడు నాటిన నాడే దానికి మరణమును వ్రాసినవాడగును.

ఇంకొక న్యాయము కూడ ఆలోచింపదగినది. ముందు వచ్చినది చెట్టా, తీగయా? 2003 నాటి విద్యుత్ చట్టము 68వ విభాగము ఈ భేదమును పాటించినది. తీగకు అడ్డు వచ్చు చెట్టును తొలగించుటకుగాని సరిచేయుటకుగాని కార్యనిర్వాహక మేజిస్ట్రేటునకో ప్రభుత్వము నియమించిన అధికారికో అధికారమున్నది. కాని తీగ వేయుటకు పూర్వమే ఆ చెట్టు ఉండినచో దానిపై హక్కు గలవారికి తగిన పరిహారము నిర్ణయింపవలెను. ఇది ధర్మమునకు దగ్గరి మాట. మూడు తరముల మారేడు మీదుగా నిన్న తీగ లాగినవారు, ఆ చెట్టునే నేరస్థునిగా చూచుట సరికాదు. అట్టి చోట స్తంభమును జరుపుటకో, ఎత్తు పెంచుటకో, పైపొర గల తీగలను పేని చేసిన కేబులు వేయుటకో వీలున్నదా అని అడుగు హక్కు మఠమునకు కలదు. అడుగుట పిరికితనము కాదు, మొండితనమును కాదు. ఇక చెట్టునే మొదలంట తీయవలసి వచ్చినచో తెలుగు రాష్ట్రములలో 2002 నాటి జల, భూమి, వృక్ష చట్టము క్రింద అనుమతి అవసరమగును. కొమ్మలు కొట్టుటకు వచ్చి చెట్టునే పడవేయుటకు ఎవరికిని అధికారము లేదు.

తీగ వెనుక వచ్చినదైనప్పుడు ఇంటివారికి పట్టు పట్టు కారణము కొంత ఉన్నది. చెట్టు వెనుక నాటినదైనప్పుడు అదియును లేదు. అచట మిగులునది "నా చెట్టు" అను మమకారమే. దాసోహము కరగింపదలచినది సరిగా ఈ "నా" అను మాటనే. అన్నమును, ధాన్యమును పంచుకొనుట తెలిసినవారికి నాలుగు మూరల కొమ్మను పంచుకొనుట కష్టము కారాదు. కూడలసంగమము చెంత పారిన కృష్ణా జలమే దిగువకు వచ్చి, శ్రీశైలమున మల్లన్న కొండ క్రింద కుడిగట్టున 770 మెగావాట్ల, ఎడమగట్టున 900 మెగావాట్ల సామర్థ్యము గల యంత్రములను త్రిప్పుచున్నది. అంత దూరము నుండి వచ్చిన ఆ వెలుగు చివరి స్తంభము వద్ద ఒక ఇంటి గోడ దాటలేక ఆగిపోయినచో, ఆవలి వీధిలో రాత్రి చదువుకొను పిల్లవానికి ఆ ఇంటివారు ఏమని సమాధానము చెప్పగలరు?

మొక్కలు నాటు ఉత్సవములు మఠములలో విరివిగా జరుగుచున్నవి. గొయ్యి త్రవ్వుటకు ముందు ఒకమారు తల ఎత్తి చూచినచో ఈ చర్చలో సగము మిగులదు. వీధిని దాటు 11 వేల వోల్టుల తీగ నేలకు కనీసము 6.1 మీటర్ల ఎత్తున ఉండవలెనని నియమము. అనగా ఇరువది అడుగులు. మారేడు ఆ ఎత్తును సునాయాసముగా దాటును. రావి, జువ్వి చెట్ల మాట చెప్పనక్కరలేదు. తీగ బాటలో నందివర్ధనము, గన్నేరు, మందారము నాటినచో పూజకు పూవులు దక్కును, ఎవరును నిచ్చెన తేనక్కరలేదు. మారేడునకు ఆవరణలో మరియొక మూల ఎప్పుడును దొరకును.

ఉన్న మారేడు కొమ్మను కొట్టించిన రోజున మరియొక సందేహము వినవచ్చుచుండును. ఎవరెవరో ఎక్కి కత్తితో కొట్టిన కొమ్మలోని దళములు ఇష్టలింగ పూజకు పనికివచ్చునా అని. సూతకముల నన్నిటిని త్రోసివేసిన శరణుల మార్గమున ఈ ప్రశ్నకు తావు లేదు. పైగా కోసిన మారేడు దళమునకు వాడిన దోషము లేదని పెద్దల మాట. ఆ దళములను బుట్టలకెత్తి ఇంటింటికి పంపవచ్చును. ఉదయము నుండి ఎండలో చెట్టుపై నున్నవారికి మధ్యాహ్నము మఠపు దాసోహ పంక్తిలో, అందరితోపాటు, విస్తళ్లు వేయవలెను.