వాడని గడ్డి

చేలలో గరికను పెరుకుటకు కూలి ఇచ్చు మనకు, వెల పెట్టి గడ్డిని కొని వాకిట పరచుకొను వారున్నారనిన వింతగా నుండును. అయినను మన సంఘములోని యొక తల్లిని, కాలిఫోర్నియాలో నున్న ఆమె కుమారుడు ఫోనులో అడిగిన ప్రశ్న ఇదియే. "అమ్మా, 2015లో వాకిట వేయించిన ప్లాస్టిక్ గడ్డి పాతబడినది. మరల అదే వేయించనా, మాననా? ఏది న్యాయమో పెద్దలనడిగి చెప్పు." ఆమె వచ్చి మమ్ము నడిగెను. నవ్వి విడిచిపెట్టదగిన ప్రశ్న కాదని మాకు తోచినది.

మొదట ఈ గడ్డి పుట్టుకను గూర్చి కొంచెము చెప్పుదుము. 1965లో అమెరికాలోని హ్యూస్టన్ పట్టణములో ఆస్ట్రోడోమ్ అను గొప్ప ఆటస్థలమును పైకప్పుతో తెరచిరి. లోపల నిజమైన గడ్డిని పెంచిరి. దానికి వెలుతురు చాలునట్లు కప్పుకు తేటయైన పలకలు అమర్చిరి. అయితే ఆ పలకల మిరుమిట్లకు, పైకెగిరిన బంతి ఆటగాండ్రకు కనబడలేదు. అందుచేత పలకలకు రంగు పూసిరి. వెలుతురు లేక గడ్డి చచ్చినది. 1966లో నైలాను గడ్డిని తెచ్చి అచ్చట పరచిరి. ఆటస్థలములలో మొదలైన ఆ గడ్డి క్రమముగా ఇండ్ల వాకిండ్లకు వచ్చినది.

ఇక ఆ కుమారుని పక్షము వినుడి. కాలిఫోర్నియాలో వేసవి నెలలలో వాన మిక్కిలి అరుదు. 2012 మొదలు 2016 వరకు అచ్చట కఠినమైన అనావృష్టి కలిగెను. 2015 ఏప్రిల్ నెలలో ఆ రాష్ట్రపు గవర్నరు, పట్టణములలో నీటి వాడకము నూటికి 25 వంతులు తగ్గవలెనని ఉత్తరువు చేసెను. అచ్చటి పట్టణముల నీటిలో సుమారు సగము, ఇండ్ల వెలుపలి తోటలకును పచ్చికకును పోవును. చెరువు చివరి పొలమునకు నీరందనప్పుడు, పైవాడు తూము తెరచి యుంచుకొనుట ఎట్టి పనియో మనకు చెప్పనక్కరలేదు. కనుక అతడు పచ్చికకు నీరు మానుట పొరుగువానిని ప్రేమించుటయే. ఆ మాట మొదట ఒప్పుకొనవలెను.

అయితే ఆ తల్లి అచ్చటికి వెళ్లినప్పుడు జరిగిన సంగతి యొకటి యున్నది. మిట్టమధ్యాహ్నము, మన అలవాటు చొప్పున, చెప్పులు లేకుండ ఆ పచ్చదనము మీద అడుగు పెట్టెను. అరకాలు చుఱ్ఱుమన్నది. "ఏమిరా అబ్బాయీ, పొయ్యిమీది పెనము లాగున్నదే!" అనుచు చెంబెడు నీళ్లు తెచ్చి పోసెను. "అమ్మా, నీళ్లు పోయనక్కర లేదనే గదా దీనిని వేయించితిని" అని అతడు నవ్వెను. నవ్వెనే గాని, ఆ మాట అతని మనస్సులో నిలిచిపోయినది.

నిజముగా పచ్చిక తనలోని తేమను ఆవిరిగా విడుచుచు చల్లగా నుండును. ప్లాస్టిక్ పోగులకు ఆ గుణము లేదు; ఎండలో మనుష్యుని చర్మము కాలునంతగా వేడెక్కును. దాని క్రింది మన్నులో పిచ్చుక ఏరుకొనుటకు పురుగు దొరకదు. అరిగిన పోగులు నలుసులై వాననీటితో కాలువలలోనికి పోవును. పది పదిహేనేండ్లకు చుట్ట చుట్టి పారవేసినచో, అది ఎరువు కాదు.

చట్టమైన దారి చూపునా? ఇండ్ల యజమానుల సంఘములు ఈ గడ్డిని నిషేధింపరాదని ఆ రాష్ట్రములో 2015లో చట్టము చేసిరి. పట్టణములు కోరినచో నిషేధింపవచ్చునని 2023లో మరియొక చట్టము చేసిరి. చట్టము మారుచుండగా మనస్సాక్షి ఊరకుండరాదు.

ఇది అబద్ధమా అని కొందరు అడుగుదురు. కాలు పోయినవాడు కొయ్యకాలు పెట్టుకొనుట అబద్ధము కాదు. ముసలివారు తడబడకుండ నడచుటకో, పసిబిడ్డలు ఆడుటకో ఒక చిన్న చాప పరచినను మేము తప్పు పట్టము. అయితే ఎదుటివారి వాకిలి పచ్చగా నున్నది గనుక, మన వాకిలి ఎండినట్లు కనబడరాదను సిగ్గుతో పరచినచో, అచ్చట అబద్ధము మొదలగును. లేఖనములు వాడిపోవు గడ్డిని చూపి మన ఆయుష్షు ఎంతటిదో నేర్పినవి. వాడని గడ్డి మనకేమి నేర్పును?

అందుచేత ఆ తల్లితో మేము చెప్పినది ఇది. ఆ దేశపు కొండలను చూడుమని నీ కుమారునితో చెప్పుము. చలికాలపు వానలకు అవి పచ్చబడును. వేసవిలో ఎండి బంగారు వన్నె తిరుగును. అందుకు అవి సిగ్గుపడవు. అతడు సగమైనను ఆ ప్లాస్టిక్‌ను తీసివేసి, ఆ నేలలో పుట్టి కొద్ది నీటితో బ్రదుకు పాపీ, సేజ్ మొక్కలను నాటవలెను. మండువేసవిలో కొన్ని ఎండిపోయినట్లు కనబడినను ఓర్చుకొనవలెను.

ఆమె కొంతసేపు ఊరకుండి, "మరి మన వాకిండ్ల మాట యేమి?" అని అడిగెను. మేము తలవంచుకొంటిమి. పేడనీళ్లు చల్లిన మట్టి వాకిలి నామోషీ యని, గడప నుండి వీధి వరకు సిమెంటు పోయించితిమి. కురిసిన వాన మన నేలలో ఇంకక వీధిన పడి పోవుచున్నది. వేసవిలో బావి అడుగంటినదని మనమే మొరపెట్టుచున్నాము. దూరముననున్న కుమారునికి బుద్ధి చెప్పిన మనము, మన వాకిట ఒక మూరెడు నేలనైనను వానకు విడిచిపెట్టుదుమా?