నెలకెంత?

తమిళనాడులోని ధర్మపురి సెల్‌ఫోన్ షాపుల్లో బేరం ఇప్పుడు 'ఎంత?' దగ్గర మొదలవదు, 'నెలకెంత?' దగ్గర మొదలవుతుంది. తెలుగు మాట్లాడేవాళ్లదైనా తమిళం మాట్లాడేవాళ్లదైనా అదే ప్రశ్న. మొత్తం ధర చెబితే మనిషి ఇంటికెళ్లి ఆలోచిస్తాడు. నెల వాయిదా చెబితే అక్కడే సంతకం పెడతాడు.

అలాగని వాయిదా ఎప్పుడూ దండగేనని అనలేం. 2021లో జియోఫోన్ నెక్స్ట్ వచ్చినప్పుడు రొక్కానికి 6,499 రూపాయలు. వాయిదాకైతే ముందు 1,999, ప్రాసెసింగ్ ఫీజు 501, ఆపైన నెలకు 300 చొప్పున 24 నెలలు. వెరసి 9,700. ఎక్కువైన ఆ 3,201లోనే నెలనెలా 5 జీబీ డేటా, 100 నిమిషాల మాటలు కలిసి ఉన్నాయి. అంటే నెలకు 133 రూపాయలకు రీఛార్జి పడ్డట్టు. కాగితం మీద అదేం చెడ్డ బేరం కాదు.

కాగితం మీద నెలలన్నీ ఒకటే. ఈ జిల్లాలో కావు. పాలకోడు టమాటా ఒక నెల డబ్బు కళ్లచూపిస్తుంది, మరో నెల కోత కూలికీ రాదు. మామిడి డబ్బు ఎండాకాలంలోనే. బెంగళూరు కట్టడం పనులకు పోయినవాళ్లకు పని ఉన్న వారమే కూలి. వాయిదా నెలజీతగాడి కొలత. ఒకటో తారీఖు బ్యాంకులో జీతం పడేవాడికి అది తెలియకుండానే తీరిపోతుంది. సేద్యం చేసేవాడికి ఇరవై నాలుగు నెలల్లో ఇరవై నాలుగు పంటలు రావు.

2003లో రిలయన్స్ 'మాన్సూన్ హంగామా' అని 501 రూపాయలకే ఫోన్ చేతిలో పెట్టింది, మిగతాది నెలనెలా. పేరులో వాన ఉంది గానీ, ఒప్పందంలో వాన రాని ఏడాది ఊసే లేదు! జనం ఎగబడ్డారు. చాలామంది నడుమలో కట్టడం మానేస్తే బకాయిలు కంపెనీ నెత్తిన పడ్డాయి. ఆ తర్వాతి కాలంలో కొన్ని ఫైనాన్సు కంపెనీలు ఫోన్‌కే తాళం పెట్టాయి. వాయిదా తప్పితే తెర బిగుసుకుపోయేది. పనికి పిలిచే మేస్త్రీ నంబరు ఉండేదీ ఆ ఫోన్‌లోనే.

పంట డబ్బు చేతికొచ్చినప్పుడు, ఉన్నంతలో ఓ మామూలు ఫోన్ రొక్కం పెట్టి కొనుక్కునేవాళ్లను చూస్తే నాకు ముచ్చటేస్తుంది. రీఛార్జి ఎలాగూ తప్పదు, 28 రోజులకోసారి, ఏడాదికి 13 సార్లు. అయినా చేతిలో డబ్బు లేని వారం దాన్ని ఆపుకోవచ్చు. వాయిదా ఆగదు. ఈ నెల ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేదన్న నిశ్చింతకు లెక్కల కాగితంలో గడి ఉండదు, అందుకే పోలికలో అది ఓడిపోతూ ఉంటుంది.

హోసూరు కంపెనీలో నెలజీతానికి పనిచేసే కొడుకు ఊళ్లో ఉన్న నాన్నకు వాయిదాల మీద ఫోన్ కొనిస్తానంటే కొననివ్వండి. ఒప్పందం మాత్రం కొడుకు పేరు మీదే ఉండాలి.