‘సారీ’ యను మాట

సారీ యను ఆంగ్లపదము నేఁడు తెలుఁగుదేశమునఁ బల్లెలకును బరిచితమైనది. బస్సులో కాలు త్రొక్కినవాఁడును సారీ యనును. మాట వినఁబడనివాఁడును సారీ యని ప్రశ్నించును. తండ్రి పోయిన మిత్రునిఁ జూడఁబోయినవాఁడును సారీ యనియే యూరకుండును. ఒక్కమాట యిన్ని పనులు చేయుట భాషలలో వింత కాదు. మా విచారణ రెండర్థములను గూర్చియే: పరుని దుఃఖమునకు నొచ్చుకొనుట యొకటి, తన తప్పు నొప్పుకొనుట వేఱొకటి.

ఈ పదము ‘సారో’ యను దుఃఖవాచకమునుండి పుట్టినదని పలువురు తలఁతురు. కాదు, నొప్పి, పుండు అను నర్థములు గల ‘సోర్’ దీనికిఁ జుట్టము. మూలమున నిది చెప్పువాని మనస్సులోని నొప్పిని దెలుపు విశేషణము మాత్రమే. మన క్షమాపణ శబ్దమో, ప్రేరణార్థకము. క్షమించువాఁ డెదుటివాఁడు, అతనిచేత క్షమింపఁజేసికొనుట దీని యర్థము. అతఁడు లేక యీ పని ముగియదు. సారీ యనువాఁడు అని వెడలిపోవచ్చును.

ఇది వట్టి వ్యాకరణచర్చ యనువారు 2001వ సంవత్సరపు సంగతి నరయుదురు గాక. ఏప్రిల్ 1వ తేదీన అమెరికా నిఘావిమాన మొకటి చీనా యుద్ధవిమానముతో ఢీకొనెను. చీనా వైమానికుఁడు మరణించెను. హైనాన్ దీవిలో దిగిన అమెరికావారు 24 మంది నిర్బంధింపఁబడిరి. చీనా క్షమాపణము గోరెను. 11వ తేదీన అమెరికా రాయబారి యిచ్చిన లేఖలో ‘వెరీ సారీ’ యని రెండుచోట్ల నుండెను: వైమానికుని మృతికొకటి, అనుమతి లేక దిగినందుకొకటి. ఇది క్షమాపణము కాదని అమెరికా తనవారికిఁ జెప్పుకొనెను. చీనా దానినే క్షమాపణముగాఁ దన భాషలోనికి మార్చి ప్రజలకు వినిపించెను. నిర్బంధితులు విడుదలైరి. అంతమంది ప్రాణములు గట్టెక్కించిన సందిగ్ధతను మేము నిందింపము. కాని యుభయులును దృప్తిచెందిరన్నచో, ఆ మాట యేమియుఁ జెప్పకపోవుటయే కారణము.

ఆంగ్లేయుల కీ భేదము తెలియదనరాదు. 1919 నాఁటి జలియన్‌వాలాబాగు కాల్పులను గూర్చి 2019 ఏప్రిల్‌లో వారి ప్రధాని థెరిసా మే పార్లమెంటులో విచారము దెలిపెను, క్షమాపణము గోరలేదు. ‘రిగ్రెట్’ అను మాటను ఏఱి వాడెను.

వైద్యుల వాదము వేఱు. రోగి మరణించినపుడు సారీ యన్నచో న్యాయస్థానమున నది యొప్పుకోలగునను భయమున నోరు విప్పమందురు. మెసాచుసెట్సు రాష్ట్రము 1986లోనే ప్రమాదబాధితులయెడఁ జూపు సానుభూతిని దోషమునకు సాక్ష్యముగాఁ గొనరాదని శాసించెను. మంచిదే. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా 2006లో నింకను ముందుకు సాగి, తప్పొప్పుకొన్న క్షమాపణమును సైతము బాధ్యతకు సాక్ష్యము గాదనెను. ఇచట మేము సంశయింతుము. బాధితునికది యోదార్పు కావచ్చును. కాని దేనికిని గట్టుపడని యొప్పుకోలు ఒప్పుకోలగునా?

మా విద్యార్థులచేత నీ పదమునకు ఒక్క తెలుఁగర్థము వ్రాయించి మేము విడువము. విచారము, క్షమాపణము రెండును వ్రాయించి, ఏ వాక్యమున నేది పొసఁగునో వారినే యడుగుదుము. ‘నీ పుస్తకము చినిఁగినందుకు సారీ’ యనుచోట తరగతి రెండుగాఁ జీలును. చింపినదెవరో చెప్పనిదే యర్థము వ్రాయలేమని కొందఱు కలములు క్రిందఁ బెట్టుదురు.