గొంతును నమ్మడం నేరమా?

మోసం చేసినవాణ్ణి వదిలిపెట్టి మోసపోయినవాణ్ణి నిలదీయడం లోకానికి అలవాటు. "చదువుకున్నదానివి, ఆ మాత్రం తెలియలేదా?" అని అడుగుతారు. కృత్రిమ మేధతో మనుషుల గొంతుకు నకలు తీసి డబ్బు గుంజే మోసాలు వచ్చాక ఈ ప్రశ్న మరీ బిగ్గరగా వినబడుతున్నది. జాగ్రత్తలు చెప్పే ప్రచారంలో కూడా తరచు ఇదే ధ్వని. ఈ ప్రశ్న వెనక ఉన్న నీతి ఎవరికి ఉపయోగపడుతున్నదో మనం విచారించాలి.

ముందు వాస్తవాలు చూద్దాం. 2019లో బ్రిటన్‌లోని ఒక ఇంధన సంస్థ అధికారి, ఫోనులో మాట్లాడేది జర్మనీలోని తన పై అధికారేనని నమ్మి 2,20,000 యూరోలు పంపించాడు. ఆ జర్మన్ యాస కూడా సరిగ్గా కుదిరింది. 2023 జనవరిలో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు మూడు సెకన్ల నమూనాతో గొంతును అనుకరించే పద్ధతిని ప్రకటించారు. అదే సంవత్సరం హైదరాబాదులో ఒక స్త్రీకి కెనడాలో ఉన్న మేనల్లుడి గొంతుతో ఫోను వచ్చింది. ప్రమాదం జరిగిందనీ, డబ్బు పంపమనీ, ఎవరికీ చెప్పవద్దనీ ఆ గొంతు వేడుకున్నది. వాళ్ళు ఇంట్లో మాట్లాడుకునే పంజాబీలోనే వేడుకున్నది. ఆమె 1,40,000 రూపాయలు పోగొట్టుకుంది.

ఇందులో కొత్తేముంది, మారీచుడు రాముడి గొంతుతో అరవలేదా అనేవారున్నారు. నిజమే. లక్ష్మణుడు అది రాముడి గొంతు కాదన్నా సీత వినలేదు. తరతరాలుగా పురాణ కాలక్షేపాల్లో ఈ ఘట్టం రాగానే సీత తొందరపాటును ఎత్తిచూపుతూ వచ్చారు. కాని భర్త ఆర్తనాదం విని కదలకుండా కూర్చునే మనిషిని మనం మెచ్చుకుంటామా? మారీచుడు వాడుకున్నది ఆమె ప్రేమను. నేటి మోసగాడు వాడుకుంటున్నదీ దాన్నే.

నా విద్యార్థులు ఒక ఆక్షేపణ తెచ్చారు: "బాబాలనూ, ప్రభువులనూ అనుమానించమని మీరే చెప్పారు గదా, గొంతును కూడా అనుమానించమంటే తప్పేమిటి?" మనం ప్రశ్నించమన్నది ఆధారం లేని నమ్మకాన్ని. గొంతును నమ్మడానికి ఆధారం ఉండేది. అడిగినదానికి అప్పటికప్పుడు బదులు చెప్పే గొంతు ఆ మనిషి నోటినుంచి తప్ప మరోచోటినుంచి వచ్చేది కాదు. మిమిక్రీ చేసేవాళ్ళు ఎక్కడో ఒకరు. ఆ ఆధారాన్ని యంత్రం తీసేసింది కాబట్టి కొత్త ఆధారం వెతుక్కోవలసిందే. కాని అధికారాన్ని శంకించడం మనిషికి స్వేచ్ఛనిస్తుంది. అయినవాళ్ళను శంకించడం అతన్ని ఒంటరిని చేస్తుంది. మోసగాడికి కావలసింది ఆ ఒంటరి మనిషే. "వెంటనే పంపు", "ఎవరికీ చెప్పకు" అనే రెండు మాటలు వాడికి గొంతు కన్నా ముఖ్యమైన పనిముట్లు.

కాబట్టి మనం జనానికి నేర్పవలసింది నలుగురితో సంప్రదించే అలవాటు. ఫోను పెట్టేసి, మనకు తెలిసిన నంబరుకు మనమే చేయాలి. పక్కనున్నవారికి సంగతి చెప్పాలి. ఇంటివాళ్ళకు మాత్రమే తెలిసిన ఒక గుర్తు మాటను ముందే అనుకోవాలి. డబ్బు పోతే దాచుకోకుండా వెంటనే 1930కి ఫిర్యాదు చేయాలి. సిగ్గుతో గడిచే ప్రతి గంటా మోసగాడికి లాభమే. "నీదే తప్పు" అనేవాడు తెలియకుండానే వాడికి సహాయం చేస్తున్నాడు.

అయితే బాధ్యత ఇంటి గడప దగ్గర ఆగదు. ఈ యంత్రాలను తయారుచేసి అమ్ముతున్నవారు ఉన్నారు. 2025లో అమెరికాలో కన్స్యూమర్ రిపోర్ట్స్ అనే వినియోగదారుల సంస్థ ఆరు కంపెనీల గొంతు నకలు సాధనాలను పరీక్షించింది. నాలుగింటిలో, సొంతదారు అనుమతి లేకుండా నకలు తీయడాన్ని ఆపే సరయిన అడ్డు లేదు. లాభం కంపెనీకి, జాగ్రత్త పడే భారం ముసలి తల్లికి! ఇది ప్రకృతి ధర్మం కాదు. బ్రిటన్‌లో 2024 అక్టోబరు 7 నుంచి, ఇలా మోసపోయి దేశంలోని మరో ఖాతాకు స్వయంగా పంపిన సొమ్మును 85,000 పౌండ్ల వరకు బ్యాంకులు తిరిగి చెల్లించాలనే నియమం అమలులోకి వచ్చింది. పంపిన బ్యాంకూ, పుచ్చుకున్న బ్యాంకూ చెరి సగం భరించాలి. నష్టం తిరిగి వస్తుందంటే జనం అజాగ్రత్తగా ఉంటారని అభ్యంతరం చెప్పేవారున్నారు. బిడ్డ ఏడుపు విని పరిగెత్తే తల్లి బ్యాంకు నియమాలను లెక్క చూసుకుని పరిగెత్తదు.

విద్యార్థులూ ఉపాధ్యాయులూ ఊరూరా ఈ మోసాల గురించి చెప్పవలసిందే. కాని అమ్మ గొంతును నమ్మవద్దని చెప్పి తిరిగి వచ్చేస్తే సగం పని కూడా చేసినట్టు కాదు. నమ్మినందుకు తలదించుకోనక్కరలేదని చెప్పాలి. ఆ నమ్మకాన్ని సరుకుగా మార్చినవారినీ, ఆ సొమ్ము చేతులు మారుతుంటే చూస్తూ ఊరుకున్నవారినీ లెక్క అడగడం కూడా నేర్పాలి.